హబ్సిగూడ నుంచి సీటీసీకి బయల్దేరే ముందు: డెస్క్‌టాప్‌కి సరైన ర్యామ్ ఎంచుకోవడం ఎలా?

2025 నవంబర్‌లో ఒక ఆదివారం హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8 నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త ర్యామ్ వేశాను. కానీ ముందుకంటే స్పీడ్ తగ్గినట్టు చూపిస్తోంది. షాప్‌వాడు మోసం చేశాడా?"

వాడు బీటెక్ మూడో సంవత్సరం. పీసీ 2021లో అసెంబుల్ చేయించింది: ఐ5-10400 ప్రాసెసర్, హెచ్510 మదర్‌బోర్డ్, 8 జీబీ డీడీఆర్4 2666 స్టిక్ ఒకటి, 240 జీబీ ఎస్ఎస్‌డీ. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ ఆన్ చేసి, పక్కన క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదలనని మొండికేస్తోందట. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో 16 జీబీ, 3600 స్పీడ్, రంగురంగుల లైట్లున్న స్టిక్ కొన్నాడు. పాత స్టిక్ పక్కన పెట్టాడు. మొత్తం 24 జీబీ అయింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే స్పీడ్ దగ్గర 2400 అని ఉంది. పాత స్టిక్ ఒక్కటే ఉన్నప్పుడు అక్కడ 2666 ఉండేది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న స్టిక్ పాతదాన్ని కూడా వెనక్కి లాగేసింది.

షాప్‌వాడు మోసం చేయలేదు. స్టిక్ అసలైనదే, దాని మీద రాసిన 3600 కూడా నిజమే. ఆ 3600ని వాడుకునే దారి మావాడి బోర్డ్‌లో లేదు, అంతే. ఇది ఎందుకు జరిగిందో అర్థమైతే ర్యామ్ కొనడంలో సగం పాఠం వచ్చేసినట్టే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

స్టిక్ మీద ఉండే స్పీడ్ ఒకటి కాదు, రెండు

ప్రతి ర్యామ్ స్టిక్ మీద ఎస్పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డ్ ముందు దాన్ని చదువుతుంది. "నేను ఇంత స్పీడ్‌లో, ఇంత వోల్టేజ్‌లో ఎక్కడైనా నడుస్తాను" అని స్టిక్ చెప్పుకునే మాట అందులో ఉంటుంది. ఇది జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం ఉండే బేస్ స్పీడ్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించే 3600 లాంటి అంకె వేరు. అది ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్‌లో రాసిపెట్టిన స్పీడ్. బయాస్‌లోకి వెళ్లి ఆ ప్రొఫైల్ ఆన్ చేస్తేనే, అదీ ప్రాసెసర్, చిప్‌సెట్ రెండూ ఒప్పుకుంటేనే వస్తుంది. ఎక్స్‌ఎంపీ ఇంటెల్ పెట్టిన పేరు. డీడీఆర్5లో ఏఎండీ తన వెర్షన్‌కి ఎక్స్‌పో అని పేరు పెట్టుకుంది.

మావాడి స్టిక్ బేస్ స్పీడ్ 2400. ఐ5-10400కి ఇంటెల్ చెప్పే గరిష్ఠ మెమరీ స్పీడ్ 2666. హెచ్510 చిప్‌సెట్‌లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ లేదు, వాడి బోర్డ్ బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆప్షనే కనిపించలేదు. దాంతో కొత్త స్టిక్ తన బేస్ స్పీడ్ 2400కి దిగిపోయింది. రెండు స్టిక్‌లు కలిసి నడవాలంటే నెమ్మదైన దాని వేగానికే నడవాలి కాబట్టి పాత 2666 స్టిక్ కూడా 2400కి దిగింది. ఎడ్లబండికి ఒక పక్క కోడె, ఇంకో పక్క ముసలి ఎద్దు కట్టినట్టే.

లైట్లు లేని, హీట్‌సింక్ లేని, పచ్చ రంగు మామూలు 2666 స్టిక్ కొని ఉంటే వాడికి పూర్తి స్పీడ్ వచ్చేది, డబ్బూ మిగిలేది. అదే జెడెక్ బేస్ స్పీడ్‌గానే 3200 ఉన్న మామూలు స్టిక్ కొన్నా పర్లేదు. దాని ఎస్పీడీలో 2666 కూడా రాసి ఉంటుంది, బోర్డ్ దాన్నే తీసుకుంటుంది. కాబట్టి కొనేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ పేజీ తెరిచి "ఎస్పీడీ స్పీడ్" అనే లైన్ వెతకండి. డబ్బా మీద 3600 ఉండి లోపల ఎస్పీడీ 2133 ఉన్న స్టిక్‌లు మార్కెట్‌లో చాలా మామూలు.

అసలు ర్యామ్ కావాలా? ముందు అది చూస్కోండి

పీసీ స్లో అనగానే "ర్యామ్ పెంచేయ్" అనే సలహా మనకి ఫ్రీగా దొరుకుతుంది. ఇప్పుడున్న రేట్లలో ఆ సలహా చాలా ఖరీదైనది.

2025 రెండో సగం నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో మీకు తెలిసే ఉంటుంది. కొన్ని కిట్లు నెలల వ్యవధిలోనే రెండింతలు దాటాయి. ప్రపంచంలో డీర్యామ్ చిప్‌లు ప్రధానంగా చేసేది మూడే కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన హెచ్‌బీఎం, సర్వర్ మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి మూడూ ఫ్యాక్టరీలను అటు తిప్పాయి. పాత డీడీఆర్4 తయారీ తగ్గించుకుంటూ వచ్చాయి. హైదరాబాద్‌లోనే పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉన్న మైక్రాన్ 2025 డిసెంబర్ 3న ఏకంగా తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి దాకా సరుకు పంపుతామని, అమ్మిన వాటికి వారంటీ సేవ కొనసాగిస్తామని చెప్పింది. అంటే మన డెస్క్‌టాప్ స్టిక్ ఇప్పుడు డేటా సెంటర్లతో పోటీపడి కొనే వస్తువు అయిపోయింది. రెండు వేలు పొరపాటుగా పోయినా ఒకప్పుడు సర్దుకుపోయేవాళ్లం. ఇప్పుడు అలా కాదు.

అందుకే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. మీరు రోజూ చేసే పని అంతా ఒకేసారి తెరవండి, నిజంగా విసుగు తెప్పించే ఆ లోడ్ రానివ్వండి. తర్వాత మూడు చోట్ల చూడాలి.

మొదటిది "ఇన్ యూజ్". 8 జీబీలో 7.4 దాకా పోయి అక్కడే కూర్చుంటే ర్యామ్ నిజంగా చాలట్లేదు. రెండోది "కమిటెడ్". ఇది "13.1/15.8" లాగా కనిపిస్తుంది. మొదటి అంకె ప్రోగ్రాములు మొత్తం కలిపి అడిగిన మెమరీ. ఇది మీ ర్యామ్ సైజ్ కంటే బాగా ఎక్కువ ఉంటే మిగతాది డిస్క్ మీదకు పోతోందని అర్థం, నత్తనడక అక్కడే మొదలవుతుంది. మూడోది "క్యాచ్డ్". ఇది ఎక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ ఊరికే ఉంచకుండా వాడుకుంటుంది, ఏ ప్రోగ్రామ్ అడిగినా వెంటనే ఇచ్చేస్తుంది. దీన్ని చూసి భయపడి ర్యామ్ కొన్నవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు.

మావాడి పాత 8 జీబీతో కమిటెడ్ 12, 13 దగ్గర ఆడేది. అంటే వాడికి ర్యామ్ అవసరం నిజమే. కానీ 16 జీబీ సరిపోయేది. ఇంకో 8 జీబీ స్టిక్ చాలు.

ఇన్ యూజ్ 60 శాతం కూడా దాటకుండా పీసీ స్లోగా ఉందంటే ర్యామ్ జోలికి వెళ్లకండి. విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీద నడుస్తుంటే ఆ డబ్బుతో ముందు ఎస్ఎస్‌డీ పెట్టించండి. తేడా మీరే చూస్తారు. ఇంట్లో పిల్లల క్లాసులు, బ్రౌజింగ్, వర్డ్, ఎక్సెల్ వరకే అయితే విండోస్ 11లో 8 జీబీతో నెట్టుకు రావచ్చు, 16 హాయిగా ఉంటుంది. ఎమ్యులేటర్లు, ఫొటోషాప్, ఇప్పటి గేమ్‌లు అంటే 16 కనీసం. వీడియో ఎడిటింగ్, రెండు మూడు వర్చువల్ మెషీన్లు, ఇంట్లోనే చిన్న ఏఐ మోడల్ నడపడం లాంటివి ఉంటేనే 32 గురించి ఆలోచించండి. "ఎందుకైనా మంచిది" అని 64 కొనే రోజులు కావివి.

మీ బోర్డ్ ఏం తింటుంది?

మనవాళ్లు మొత్తం డబ్బానే "సీపీయూ" అంటారు కదా, ఆ డబ్బా లోపల అసలు సీపీయూ ఏ తరమో తెలిస్తే ర్యామ్ రకం దాదాపు తేలిపోతుంది. ఇంటెల్ 2 నుంచి 4వ తరం దాకా మామూలు డెస్క్‌టాప్‌లు డీడీఆర్3. 6, 7 తరాల్లో ఎక్కువ డీడీఆర్4, కొన్ని బోర్డుల్లో డీడీఆర్3ఎల్. 8 నుంచి 11 దాకా డీడీఆర్4. 12, 13, 14 తరాలే తికమక: ప్రాసెసర్ రెండింటినీ ఒప్పుకుంటుంది, బోర్డ్ మాత్రం ఏదో ఒకటే. హెచ్610, బీ660, బీ760 పేర్లతో రెండు రకాల బోర్డులూ వచ్చాయి. మోడల్ పేరు చివర "డీ4" అని ఉంటే డీడీఆర్4 అన్న గుర్తు చాలా కంపెనీలు వాడాయి. కోర్ అల్ట్రా 200ఎస్ వచ్చాక డీడీఆర్5 మాత్రమే. ఏఎండీలో లెక్క సుఖం: ఏఎం4 సాకెట్ అయితే డీడీఆర్4, ఏఎం5 అయితే డీడీఆర్5.

ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. డీడీఆర్3కి 240 పిన్నులు. డీడీఆర్4కి, డీడీఆర్5కి రెండింటికీ 288 పిన్నులే, కానీ మధ్యలో గాడి ఉండే చోటు వేరు. పట్టట్లేదని బలంగా నొక్కితే విరిగేది స్టిక్ కాదు, స్లాట్. వోల్టేజ్‌లూ వేరు: డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు.

స్పీడ్ పరిమితి విషయంలో మావాడికి జరిగిందే 12వ తరంలోనూ జరుగుతోంది. ఐ5-12400కి ఇంటెల్ చెప్పే గరిష్ఠం డీడీఆర్4లో 3200, డీడీఆర్5లో 4800. దాన్ని హెచ్610 బోర్డ్ మీద పెట్టుకుని 6000 కిట్ కొంటే ఆ పై అంకెలకు పెట్టిన డబ్బు డబ్బా మీదే ఉండిపోతుంది. బీ660, బీ760 బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ వాడుకోవచ్చు. రైజెన్‌లో బీ450, బీ550 ఉన్నవాళ్లకి ఈ బాధ తక్కువ, 3200, 3600 కిట్లు ప్రొఫైల్ ఆన్ చేస్తే మామూలుగా నడిచిపోతాయి. ఏఎం5లో 6000 స్పీడ్, సీఎల్30 ఉన్న ఎక్స్‌పో కిట్ మంచి ఎంపిక. అంతకన్నా పైకి పోతే ఖర్చు పెరిగినంత ఫలితం పెరగదు.

పాత పీసీలున్న వాళ్లకి ఒక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 7వ తరం, అంతకు ముందువి ఒకటి రెండు మినహాయింపులు తప్ప విండోస్ 11కి అధికారికంగా అర్హత లేనివి. హెచ్61, హెచ్81 బోర్డుల్లో రెండే స్లాట్లు, మొత్తం 16 జీబీయే గరిష్ఠం. వాటికి కొత్త స్టిక్ కొనే ముందు ఆ మిషన్‌ని ఇంకా ఎన్నాళ్లు వాడతారో నిజాయితీగా లెక్క వేసుకోండి. లినక్స్ వేసుకుని వాడేస్తానంటే వాడిన డీడీఆర్3 స్టిక్ చాలు.

స్టిక్కర్ చదవడం నేర్చుకుంటే షాప్‌వాడిని అడగక్కర్లేదు

నా దృష్టిలో ఈ ఆర్టికల్‌లో అన్నిటికంటే పనికొచ్చే భాగం ఇదే. ఉన్న స్టిక్ బయటికి తీసి దాని మీద తెల్ల స్టిక్కర్ ఫొటో తీసుకోండి. ఇలాంటి లైన్ ఒకటి ఉంటుంది: "8జీబీ 1ఆర్×8 పీసీ4-2666వీ-యూఏ2-11".

8జీబీ అర్థమైందే. పీసీ4 అంటే డీడీఆర్4, పీసీ3 అయితే డీడీఆర్3, పీసీ5 అయితే డీడీఆర్5. 2666 స్పీడ్. కొన్ని డబ్బాల మీద దీని బదులు 21300 అని ఉంటుంది, కంగారు పడకండి. 2666ని 8తో గుణిస్తే సెకనుకి ఎన్ని మెగాబైట్లో వస్తుంది, దాన్ని కాస్త సరిచేసి రాస్తారు. 3200కి 25600. ఇంకో చిన్న సంగతి: ఈ 2666ని అందరూ మెగాహెర్ట్జ్ అంటారు కానీ అది సెకనుకి జరిగే డేటా మార్పిడుల సంఖ్య, మిలియన్లలో. అసలు క్లాక్ అందులో సగమే. సీపీయూ-జెడ్ అనే ఫ్రీ టూల్ తెరిచి 1333 కనిపించిందని గొడవపడేవాళ్లు చాలామంది. రెండుతో గుణించుకోండి.

తర్వాతి "యూ" అక్షరం చాలా ముఖ్యం. యూ అంటే అన్‌బఫర్డ్, మన మామూలు డెస్క్‌టాప్ స్టిక్. అక్కడ "ఎస్" ఉంటే పొట్టిగా ఉండే ల్యాప్‌టాప్ స్టిక్, సోడిమ్. "ఆర్" ఉంటే రిజిస్టర్డ్, అంటే సర్వర్ ర్యామ్. ఆన్‌లైన్‌లో 16 జీబీ, 32 జీబీ స్టిక్‌లు ఆశ్చర్యపోయే తక్కువ ధరకి కనిపిస్తే ఈ అక్షరం చూడండి. సర్వర్ల నుంచి పీకినవి ఎక్కువగా ఇవే. మామూలు డెస్క్‌టాప్ బోర్డ్‌లో పెడితే అసలు డిస్‌ప్లేయే రాదు. సర్వర్ మెమరీలో ఈసీసీ ఉంటుంది, అంటే ఒక బిట్ తారుమారైతే అదే కనిపెట్టి సరిచేస్తుంది. హబ్సిగూడ మెయిన్ రోడ్ మీద ఉన్న ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి చోట్ల రోజుల తరబడి నడిచే లెక్కలకు అది కావాలి. మన ఇంట్లో గేమ్‌కి, ప్రాజెక్ట్‌కి అక్కర్లేదు. డీడీఆర్5 డబ్బాల మీద "ఆన్-డై ఈసీసీ" అని రాస్తే అది ఇది కాదు. అది చిప్ లోపల వరకే చేసుకునే సర్దుబాటు.

"1ఆర్×8" సంగతి షాపుల్లో ఎవరూ చెప్పరు. 1ఆర్ అంటే ఒక ర్యాంక్. ×8 అంటే ఒక్కో చిప్ 8 బిట్లు ఇస్తుంది, కాబట్టి 64 బిట్లకు 8 చిప్‌లు. "1ఆర్×16" అయితే నాలుగే చిప్‌లు. నాలుగు చిప్‌ల స్టిక్‌లో లోపలి బ్యాంక్ గ్రూపులు సగమే ఉంటాయి కాబట్టి అదే స్పీడ్, అదే సైజ్ ఉన్నా కొంచెం వెనకబడుతుంది. ఒకే ధరకి రెండూ దొరికితే ×8 తీసుకోండి. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్‌లు ఈ నాలుగు చిప్‌ల రకమే. అందుకే డీడీఆర్5 పీసీ కడుతుంటే రెండు 8 జీబీల కిట్ కంటే ఇప్పటికి ఒక 16 జీబీ వేసుకుని, తర్వాత అలాంటిదే ఇంకోటి కలపడం మేలని నా అభిప్రాయం. డీడీఆర్5 స్టిక్ ఒక్కటే ఉన్నా లోపల రెండు 32 బిట్ సబ్‌ఛానెళ్లుగా పనిచేస్తుంది. అది పూర్తి డ్యుయల్ ఛానెల్‌కి సమానం కాదు గానీ, తర్వాత కలుపుకునే దారి తెరిచి ఉంటుంది.

అన్నట్టు, ఇక్కడికి ఆటో దూరంలోనే ఉన్న ఈసీఐఎల్ 1967లో మొదలై, తర్వాతి సంవత్సరాల్లో టీడీసీ పేరుతో దేశీయ కంప్యూటర్లు తయారు చేసింది. వాటిలో మెమరీ అంటే సన్నని తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంత రింగులు. ఒక్కో రింగు ఒక్కో బిట్. ఇప్పుడు ఎనిమిది జీబీ చాలట్లేదని ఏడుస్తున్నాం.

సీఎల్ నంబర్, డ్యుయల్ ఛానెల్

స్పీడ్ పక్కన సీఎల్16, సీఎల్22 లాంటిది ఉంటుంది. అడిగిన డేటా రావడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో ఆ లెక్క. చిన్నదైతే మంచిదే, కానీ వేర్వేరు స్పీడ్‌ల మధ్య నేరుగా పోల్చకూడదు. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 సీఎల్16కి 10. 3600 సీఎల్18కి కూడా 10. మామూలు 3200 సీఎల్22కి 13.75. డీడీఆర్5 4800 సీఎల్40కి 16.7 దాకా, 6000 సీఎల్30కి మళ్లీ 10. అందుకే మంచి డీడీఆర్4 ఉన్న పీసీ నుంచి చవక డీడీఆర్5కి మారినవాళ్లు "పెద్ద తేడా లేదే" అంటారు.

సీఎల్ కంటే డ్యుయల్ ఛానెల్‌కి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఒకే 16 జీబీ స్టిక్ బదులు రెండు 8 జీబీలు పెడితే డీడీఆర్4లో ప్రాసెసర్‌కి రెండు దారులు తెరుచుకుంటాయి. 2666లో ఒక దారికి సెకనుకి 21.3 జీబీ అయితే రెండింటికి 42.6. గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే ఆడేవాళ్లకి, ముఖ్యంగా రైజెన్ 5600జీ లాంటివి ఉన్నవాళ్లకి, ఇది గేమ్‌లో కంటికి కనిపించే తేడా. నాలుగు స్లాట్లుంటే రెండు స్టిక్‌లని సీపీయూ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. పక్కపక్కన పెట్టి డ్యుయల్ ఛానెల్ అనుకునే పీసీలు ఎన్ని చూశానో.

8కి తోడు 16 పెడితే? నడుస్తుంది. మొదటి 8, 8 రెండు దారుల్లో, మిగిలిన 8 ఒకే దారిలో. మావాడి పీసీ అలాగే నడిచింది. నాలుగు స్టిక్‌ల ఆలోచన మాత్రం డీడీఆర్5లో వద్దు. రైజెన్ 7000కి ఏఎండీ చెప్పే అధికారిక స్పీడ్ రెండు స్టిక్‌లతో 5200, నాలుగు పెడితే 3600.

పార్క్‌లేన్‌కి వెళ్లాక

హబ్సిగూడలో మెట్రో ఎక్కితే తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, ఐదోది ప్యారడైజ్. దిగి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచిపోవచ్చు. సీటీసీ అంటే ఎవరైనా చెప్తారు. అక్కడ కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న "తమ్మీ, ఫోరా ఫైవా?" రెండో ప్రశ్న "ఎంతలో గావాలె?" మీ బోర్డ్ ఏంటని అడిగేవాళ్లు తక్కువ, జనం అలా ఉంటారు మరి. అందుకే ఫోన్‌లో మూడు ఫొటోలు పెట్టుకుని వెళ్లండి: స్టిక్కర్‌ది, మదర్‌బోర్డ్ పేరుది, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీది. ఆ పేజీలో ఎన్ని స్లాట్లు వాడారు, ఫామ్ ఫ్యాక్టర్ డిమ్మా సోడిమ్మా అన్నది కూడా ఉంటుంది.

ఈ ఫామ్ ఫ్యాక్టర్ రీఫర్బిష్డ్ పీసీ కొన్నవాళ్లకి చాలా ముఖ్యం. ఆఫీసుల నుంచి వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్‌లలో అరచేయంత చిన్న మోడళ్లు ల్యాప్‌టాప్ స్టిక్‌లే తీసుకుంటాయి. అదే పేరుతో ఉన్న టవర్, కొంచెం సన్నటి డబ్బా మోడళ్లు మామూలు డెస్క్‌టాప్ స్టిక్‌లు తీసుకుంటాయి. పేరు ఒకటే కదా అని కొంటే తిరిగి వెళ్లాల్సిందే. డీడీఆర్3 వాడేవాళ్లకి ఇంకో ఉచ్చు: ఆన్‌లైన్‌లో "ఏఎండీ మదర్‌బోర్డ్‌లకు మాత్రమే" అని చిన్న అక్షరాలతో రాసే చవక స్టిక్‌లు. ఇంటెల్ బోర్డ్‌లో అవి పనిచేయవు.

బిల్ లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ర్యామ్ మీద 18 శాతం జీఎస్టీ నిజంగానే నొప్పి. కానీ చాలా బ్రాండ్‌లు ర్యామ్‌కి ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, బిల్ లేకపోతే అది కాగితం మీదే మిగులుతుంది. బిల్ మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. ప్యాక్ విప్పాక వాపసు తీసుకుంటారా, పీసీకి సరిపోకపోతే మార్చి ఇస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. మావాడు అడగలేదు.

బిగించడం, పరీక్షించడం

స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ తీసేయండి. పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంట్ పోనివ్వండి. డబ్బా లోహాన్ని చేత్తో ముట్టుకుని అప్పుడు స్టిక్ పట్టుకోండి. గాడి సరిపోయేలా పెట్టి రెండు చివర్లా సమంగా నొక్కితే టక్‌మని శబ్దం వస్తుంది. కొన్ని బోర్డులకి క్లిప్ ఒక వైపే ఉంటుంది.

ఆన్ చేస్తే డిస్‌ప్లే రాకుండా బీప్‌లు వస్తుంటే సగం సార్లు స్టిక్ సరిగా కూర్చోకపోవడమే. పాత స్టిక్ అయితే బంగారు రంగు అంచుని మెత్తటి రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి ఊదేసి మళ్లీ పెట్టండి. వీధి చివర రిపేర్ షాపుల పాత చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది. గట్టిగా రుద్దకండి. డీడీఆర్5 కొత్త స్టిక్ అయితే మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. బోర్డ్ మెమరీని పరీక్షించుకుంటోంది. ఆ మధ్యలో కంగారుపడి స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికే.

డిస్‌ప్లే వచ్చింది కదా అని వదిలేయొద్దు. చెడిపోయిన ర్యామ్ వెంటనే దొరకదు. వారం తర్వాత బ్లూ స్క్రీన్‌గా, తెరుచుకోని జిప్ ఫైల్‌గా, ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందురోజు పాడైపోయిన ఫోల్డర్‌గా బయటపడుతుంది. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి రాత్రి పడుకునే ముందు నడపండి. పొద్దున లేచేసరికి ఒక్క ఎర్రర్ ఉన్నా ఆ స్టిక్ వెనక్కి పోవాల్సిందే. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే అది ఆపి ఇంకోసారి చూడండి. ప్రొఫైల్ ఆపితే ఎర్రర్లు పోతే తప్పు స్టిక్‌దేనని చెప్పలేం, మీ బోర్డ్‌కి ఆ స్పీడ్ మోయలేనిది కావచ్చు. పెన్‌డ్రైవ్ గోల ఎందుకంటే విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ ఉంది, అంత లోతుగా చూడదు గానీ ఏమీ చూడకపోవడం కంటే నయం.

మావాడి స్టిక్ షాప్ వాపసు తీసుకోలేదు. క్లాస్‌మేట్ ఒకడికి బీ550 బోర్డ్, రైజెన్ 5600, అదే రకం 16 జీబీ స్టిక్ ఒకటి ఉన్నాయని తెలిసి, కొన్న ధరకి కొంచెం తగ్గించి వాడికి అమ్మేశాడు. అక్కడ ఎక్స్‌ఎంపీ ఆన్ చేయగానే రెండూ 3600లో లేచాయి. మావాడు పాత స్టిక్ ఫొటో చూపించి అలాంటిదే 8 జీబీ 2666, 1ఆర్×8 తెచ్చుకున్నాడు. ఇప్పుడు 16 జీబీ, డ్యుయల్ ఛానెల్, టాస్క్ మేనేజర్‌లో మళ్లీ 2666. ఎమ్యులేటర్ తెరిచి క్రోమ్ నడుపుతూ స్క్రీన్‌షాట్ పంపాడు, ఇన్ యూజ్ 11.8 దగ్గర ఉంది.